సీలు మాత్రం చెక్కుచెదరలేదు

హత్య కేసుల్లో ఫోరెన్సిక్ నిపుణుల మాట ఎంతవరకు నమ్మొచ్చని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. ఇది చాలా అమర్యాద. 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్‌లో నిపుణుడికి ప్రత్యేకంగా పీట వేశారు. 2024 జూలై 1 నుంచి అదే పీటని భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్‌లోకి జరిపారు. మామూలు సాక్షి స్వయంగా చూసిందీ విన్నదీ మాత్రమే చెప్పాలి, నిపుణుడు మాత్రం అభిప్రాయం చెప్పొచ్చు. ప్రభుత్వ ల్యాబ్ అధికారి అయితే ఆ చెప్పడానికైనా రానక్కర్లేదు. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టంలో, అంటే పాత సీఆర్‌పీసీ 293వ సెక్షన్, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 329వ సెక్షన్ ప్రకారం ఆయన కాగితం వస్తే ఆయన వచ్చినట్టే. కోర్టు తలుచుకుంటే పిలవొచ్చు. పిలవమని డిఫెన్స్ వకీలు అడగాలి, అడగాలంటే ముందు రిపోర్టు చదవాలి. కాబట్టి అందరూ సుఖంగా ఉన్నారు.

వకీలునీ తప్పు పట్టలేం. చదవడానికి అందులో ఉండేది రెండు ముక్కలు: "1 నుంచి 5 వరకు గల వస్తువులపై మానవ రక్తం కనుగొనబడినది. గ్రూపు నిర్ధారించుటకు వీలుపడలేదు." మృతుడి లుంగీ మీద మానవ రక్తం, ముద్దాయి చొక్కా మీదా మానవ రక్తమే. ఎవరిదయ్యా అంటే మానవుడిది. అదృష్టం బాగుండి గ్రూపు తేలి 'ఓ' అని వస్తే ప్రాసిక్యూషన్ మొహం వెలిగిపోతుంది. మన దేశంలో పదిమందిని వరసగా నిలబెడితే ముగ్గురో నలుగురో ఓ గ్రూపు వాళ్లే ఉంటారు. ముద్దాయిది ఏ గ్రూపో కూడా చూద్దామనేవాడు ఆ గదిలో ఉంటే వాడే గిట్టనివాడు.

ఇక డీఎన్ఏ. అది అబద్ధం చెప్పదంటారు, నిజమే. దాన్ని ఎలా మోసుకొచ్చామో అది కూడా దాచదు. నెత్తుటి చొక్కాని నీడన ఆరబెట్టి, దేనికది విడిగా కాగితం కవర్లో కట్టాలి, వస్తువు మారినప్పుడల్లా గ్లవ్స్ మార్చాలి. తడి గుడ్డని పాలిథీన్ కవర్లో మూటగడితే లోపల చెమ్మకి బాక్టీరియా పుట్టి డీఎన్ఏని ముక్కలు ముక్కలు చేసేస్తుంది. ఇంతకన్నా దగ్గరి దారి ఇంకోటుంది: కత్తినీ చొక్కానీ ఒకే సంచిలో పడేయడం. కత్తి మీది రక్తం దారిలోనే చొక్కాకి అంటుకుంటుంది. ల్యాబ్ వాళ్లు ఏ పాపమూ ఎరక్కుండా, అక్షరాలా నిజమే రాస్తారు, రెండూ సరిపోయాయని. రిపోర్టు మొదట్లో మాత్రం ఒక వాక్యం తప్పదు: పార్సిల్ సీళ్లు చెక్కుచెదరలేదు, పోల్చుకోవడానికి పంపిన నమూనా సీలుతో సరిపోయాయి. లక్క ముద్రకి ఇంత శాస్త్రీయ గౌరవం ఇంకెక్కడుంది!

జర్మనీలో ఇంకా ముందుకెళ్లారు. 2007లో హైల్‌బ్రాన్‌లో ఒక పోలీసు అధికారిణి హత్య జరిగిన చోట దొరికిన ఆడమనిషి డీఎన్ఏ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లతో కలిపి దాదాపు 40 ఘటనా స్థలాల్లో కనబడింది. దేశదేశాలు తిరిగే హంతకురాలని వెతికారు. 2009లో దొరికింది. నమూనాలు తీసే దూది పుల్లల తయారీలో పనిచేసే మనిషి. పాపం, ఆమె చేసిన నేరం డ్యూటీకి రావడమే. పుల్లలు సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసినవే, కానీ ఆ శుద్ధికి డీఎన్ఏ పోదు.

ఒకరికి మించి మనుషుల డీఎన్ఏ కలిసిపోయిన మిశ్రమం అయితే మరీ రంజు. 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఒక అసలు కేసులో ముద్దాయిని తోసిపుచ్చలేమని తేల్చిన మిశ్రమం ఫలితాలనే, కేసు వివరాలేవీ చెప్పకుండా 17 మంది నిపుణులకిచ్చారు. 12 మంది 'ఇతను కాదు' అన్నారు, నలుగురు తేలడం లేదన్నారు. పాత మాటకి కట్టుబడింది ఒక్కరే. శాస్త్రం ఒకటే, చెవిలో ముందు పడ్డ మాటే వేరు.

వైద్య నిపుణుల సంగతి కాస్త నయం. వాళ్లు బోనెక్కుతారు.

"డాక్టర్ గారూ, ఈ గాయం ఈ కత్తితో అయ్యే అవకాశం ఉందా?"

"ఉంది సార్."

"వేరే కత్తితో?"

"దానితోనూ ఉంది సార్."

"చనిపోయి ఎంతసేపైంది?"

"పోస్టుమార్టానికి 12 నుంచి 24 గంటల ముందు."

ఆ 12 గంటల సందులో ముద్దాయి ఊళ్లోకొచ్చి, పెళ్లి భోజనం చేసి, తిరిగి వెళ్లిపోవచ్చు. శవం బిగుసుకోవడం మండే ఎండల్లో త్వరగా మొదలై త్వరగా వదులుతుంది, ఫ్రీజర్‌లో పెడితే నెమ్మదిస్తుంది. శవాన్ని ఎక్కడ, ఎంతసేపు ఉంచారో నోట్ చేయకపోతే డాక్టరు గారు మాత్రం ఏం చేస్తారు?

ఇంత ప్రశాంతంగా సాగుతున్న వ్యవహారంలో సుప్రీంకోర్టే అప్పుడప్పుడు చెయ్యి పెడుతోంది. 2022 నవంబరులో ఢిల్లీ కేసొకటి. ఉరిశిక్ష పడ్డ ముగ్గుర్నీ వదిలేసింది. డీఎన్ఏ పరీక్షకి నమూనాలు 2012 ఫిబ్రవరి 14న, 16న తీసి, 27న ల్యాబ్‌కి పంపేదాకా పోలీసు మాల్ఖానాలోనే, అంటే కేసు వస్తువులు దాచే గదిలోనే ఉంచారట. నిపుణుడు పద్ధతుల్ని సరిగ్గా పాటించాడో లేదో కింది కోర్టులు చూడనేలేదట. ఇదేం ఆరా? రేపు ఎవరో లేచి ఎన్ని లోకైలు (డీఎన్ఏలో పోల్చి చూసే చోట్లు) సరిపోయాయి, యంత్రం గీసిన ఎలక్ట్రోఫెరోగ్రామ్ గ్రాఫులు ఏవి, కల్తీ ఉందేమో చూడ్డానికి నమూనా లేకుండా ఖాళీ కంట్రోల్ నడిపారా, దారినపోయేవాడికి సరిపోయే అవకాశం ఎంత అనడుగుతారు. 'సరిపోయింది' అన్న ఒక్క మాటకి ఇన్ని అంకెలు తోడు కావాలా?

2025 జూలైలో ఇంకో ఆదేశం: డీఎన్ఏ నమూనా 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రిజిస్టర్ రాయాలి. స్టేషన్ రైటర్ని అడగండి చెబుతాడు. జాతర బందోబస్తు అయ్యాక ఖాళీ దొరికిన కానిస్టేబుల్ పార్సిల్ ఒళ్లో పెట్టుకుని ఆర్టీసీ బస్సెక్కుతాడు. ఆ ప్రయాణానికి తేదీ, గంట, నిమిషం, ఎక్కిన చోటు, దిగిన చోటు అన్నీ ఉన్న కాగితం ఒకటుంది. టీఏ బిల్లుకి గుచ్చిన బస్సు టికెట్టు.