రెండు రిలేలతో అయ్యే పనికి ఆర్డుయినో ఎందుకండీ?

జాయ్‌స్టిక్ ముందుకి తోస్తే మోటార్ అటు తిరగాలి, వెనక్కి లాగితే ఇటు తిరగాలి, వదిలేస్తే ఆగాలి. పని ఇంతే. మన డిప్లొమా, బీటెక్ మినీ ప్రాజెక్టుల్లో దీనికి ఆర్డుయినో (కోడ్‌తో నడిచే చిన్న బోర్డు), నాలుగు రిలేల (కాయిల్‌కి కరెంట్ ఇస్తే కాంటాక్ట్ మారే స్విచ్‌ల) బోర్డు, ఎక్కడో దొరికిన కోడ్, ఇవన్నీ నడపడానికి ఒక 9 వోల్టుల బ్యాటరీ! వైవాలో "రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు మోటార్ తీగలు దేనికి కలుస్తాయి?" అని అడిగితే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు. కోఠీ గుజరాతీ గల్లీలో సామాను కొనడం తేలికే. కాంటాక్టులు అర్థం చేసుకోకుండా కోడ్ జోలికి పోవడం దగ్గరే నా గొడవంతా.

లోపల నాలుగు మైక్రోస్విచ్‌లుండే ఆర్కేడ్ జాయ్‌స్టిక్ తీసుకోండి. 12 వోల్టుల మోటార్‌కి 12 వోల్టుల కాయిల్ ఉన్న ఐదు కాళ్ల రిలేలు రెండు, 1ఎన్4007 డయోడ్లు రెండు, ప్లస్ తీగలో ఒక ఫ్యూజ్ చాలు. మొదటి రిలే కామన్ (ఎన్ఓ, ఎన్‌సీల మధ్య మారే కాలు) మోటార్ ఒక తీగకి, రెండో రిలే కామన్ రెండో తీగకి. రెండు ఎన్ఓలూ (కాయిల్ పట్టినప్పుడు కామన్‌కి కలిసే కాళ్లు) ప్లస్‌కి, రెండు ఎన్‌సీలూ (కాయిల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కలిసే కాళ్లు) మైనస్‌కి. 'ముందు' స్విచ్ మొదటి కాయిల్‌కి, 'వెనక' స్విచ్ రెండో కాయిల్‌కి ప్లస్ అందిస్తాయి. కాయిళ్ల రెండో కాళ్లు మైనస్‌కి. కోడ్ లేదు, బూట్ అవడం లేదు.

జాయ్‌స్టిక్ వదలగానే మోటార్ రెండు తీగలూ మైనస్ మీదే కలుస్తాయి కాబట్టి అది కొట్టుకుపోకుండా బ్రేక్ పడినట్టు ఆగుతుంది. పొరపాటున రెండు రిలేలూ ఒకేసారి పట్టినా రెండు తీగలూ ప్లస్ మీదుంటాయి, షార్ట్ అవదు. ఎనిమిది కాళ్ల రిలే ఒక్కటే తెచ్చి తీగలు అడ్డంగా మార్చి కలిపేవాళ్లున్నారు. దాంతో దిశ మారుతుంది గానీ మోటార్ ఆగదు, ఆపడానికి ఇంకో రిలే కావాల్సిందే.

డయోడ్ కాయిల్‌కి అడ్డంగా, గీత ఉన్న వైపు ప్లస్‌కి పెట్టాలి. అది లేకపోతే కాయిల్ ఆఫ్ అయిన ప్రతిసారీ ఎగదన్నే వోల్టేజ్ స్విచ్ కాంటాక్టులను తినేస్తుంది. అయితే "సేఫ్టీకి" అని మోటార్‌కి కూడా ఒక డయోడ్ తగిలించకండి. దిశ మారిన క్షణంలో అదే నేరుగా షార్ట్ అవుతుంది, ఫ్యూజ్ పోతుంది లేదా డయోడ్ కాలుతుంది. మోటార్‌కి కావాల్సింది 104 సెరామిక్ కెపాసిటర్ ఒక్కటే.

మరి ఆర్డుయినో ఎప్పుడు? బొటనవేలితో తిప్పే అనలాగ్ జాయ్‌స్టిక్ వాడితే, లేదా రెండు చక్రాల బండిని ఒకే కర్రతో మలుపు తిప్పాలంటే. అప్పుడైనా కాయిల్‌ని పిన్‌కి నేరుగా కలపొద్దు. 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ సుమారు 70 ఓమ్స్, అంటే 70 మిల్లీఆంప్స్. ఆర్డుయినో యూనో బోర్డు పిన్ గరిష్ఠ హద్దే 40. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్, దాని బేస్‌కి 1కె రెసిస్టర్, కాయిల్‌కి అదే డయోడ్. కర్ర స్థానాన్ని ఆర్డుయినో 0–1023 మధ్య అంకెగా చదువుతుంది, మధ్యలో ఉన్నప్పుడు రీడింగ్ కచ్చితంగా 512 రాదు. 400 కిందికి, 620 పైకి వెళ్తేనే రిలే పట్టాలి, 450–570 మధ్యకి వచ్చాకే వదలాలి. లేదంటే టకటకలాడుతూనే ఉంటుంది. దిశ మార్చేటప్పుడు 300 మిల్లీసెకన్లు ఆగండి. తిరుగుతున్న మోటార్ పుట్టించే వోల్టేజ్ సప్లైకి తోడై, షాఫ్ట్ బిగుసుకున్నప్పటి కరెంట్‌కి దాదాపు రెట్టింపు లాగుతుంది.

రిలేతో స్పీడ్ తగ్గిస్తామనేవాళ్లకి ఒక దణ్ణం. కాంటాక్ట్ కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, పీడబ్ల్యూఎం (స్పీడ్ తగ్గించడానికి కరెంట్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేయడం) ఇస్తే అది రిలే కాదు గిలక్కాయ. ఆ పనికి టీబీ6612 మోటార్ డ్రైవర్ చిప్ తీసుకోండి. ఎల్298 అందరూ వాడతారు గానీ దాదాపు 2 వోల్టులు తనే మింగేస్తుంది.

ఇక ఆ 9 వోల్టుల బ్యాటరీ. చిన్న రోబో బళ్లలో వాడే పసుపు బీఓ మోటార్ బిగుసుకుంటే 1 ఆంపియర్ దాకా లాగొచ్చు, అంత కరెంట్ ఆ బ్యాటరీ ఇవ్వలేదు. వోల్టేజ్ పడిపోయి ఆర్డుయినో రీసెట్ అవుతుంటే అందరూ కోడ్‌ని తిడతారు. మోటార్ తిరుగుతుండగా ఆర్డుయినో విన్ పిన్ (బ్యాటరీ సప్లై అందే కాలు) దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. 7 వోల్టుల కిందికి జారుతుంటే కోడ్ ముట్టుకోకండి, మోటార్లకి వేరే సెల్స్ పెట్టి మైనస్‌లు మాత్రం కలపండి.