'బయటికి పో' గారికి ఒక లెక్కల సారు లేఖ

గౌరవనీయులైన 'బయటికి పో' గారికి,

అనంతపురం నుంచి ఆరో తరగతి లెక్కల సారు నమస్కారాలు. పదమూడేళ్లుగా మీరు నా నోట్లోనే కాపురం ఉంటున్నారు. సుద్దముక్క మరిచిపోయి క్లాసుకు పోయిన రోజులున్నాయి గానీ, మిమ్మల్ని మరిచిపోయి పోయిన రోజు లేదు.

మీ పనితనమే వేరు. బోర్డు మీద భాగహారం పడుతుంది. మూడో బెంచీవాడు పక్కవాణ్ణి గిల్లుతాడు. "బయటికి పో రా" అంటాను. వాడు పోతాడు, క్లాసు సద్దుమణుగుతుంది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ వద్దంది. బెత్తం బీరువా ఎక్కింది. మీరు మాత్రం వరండాలో దర్జాగా ఉన్నారు.

అనుమానం ఆ వరండాలోనే మొదలైంది. అక్కడ వేపచెట్టు నీడ. ఒక పక్క వంటగది, ఉప్పు సరిపోయిందో లేదో చూడమని వంటక్కలు వీడికే గరిట చాపుతారు. ఇంకో పక్క రోడ్డు. ఒకరోజు లోపలికి పిలవడానికి పోతే, "సార్, కళ్యాణదుర్గం బస్సులు ఏడు పోయినాయి" అన్నాడు. లోపల కూడికకే తలనొప్పి వచ్చే మనిషి!

నేను డీఎస్సీకి 'రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష కాదు' అని బట్టీ పట్టి, ఆ బిట్టుకు సరైన జవాబు పెట్టి ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి. ఇష్టం లేనిదాన్ని తప్పిస్తే, దాన్ని తప్పించిన పని బలపడుతుంది. అంటే గిల్లితే భాగహారం పోతుంది, కాబట్టి గిల్లుడు పెరుగుతుంది. ఇంత పాఠం బిట్టులో ఇమిడిపోయింది, నా బుర్రలోకి మాత్రం రాలేదు.

1982లో ఐవాటా అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు తమను తామే గాయపరుచుకునే తొమ్మిది మంది పిల్లలతో ఒక పరిశోధన చేశారు. 'ఏం చేస్తున్నారు' అని చూసి ఊరుకోలేదు, 'దానివల్ల ఏం దొరుకుతోంది' అని వెతికారు. నాలుగు రకాల పరిస్థితులు కల్పించారు: గాయపరుచుకుంటే పెద్దవాళ్లు అయ్యో అంటూ వారించడం, పాఠం చెప్తూ గాయపరుచుకోగానే ఆపేయడం, హాయిగా ఆడుకోనివ్వడం, ఒంటరిగా వదిలేయడం. ఒక్కోటి పదిహేను నిమిషాలు. తొమ్మిది మందిలో ఆరుగురికి ఏదో ఒక పరిస్థితిలోనే ఎక్కువగా కనబడింది. పైకి ఒకే పని, లోపల ఒక్కొక్కరిది ఒక్కో కారణం. మనమేమో అందరికీ ఒకే వరండా చూపిస్తాం.

సరే, నేనూ ఒక చీటీ పెట్టుకున్నాను. గిల్లినప్పుడల్లా ఒక గీత. మొదటి వారం మీదే రాజ్యం. రెండో వారం ఎంత గిల్లినా బయటికి పంపలేదు, లెక్క వాడి ముందే పెట్టి పక్కన కూర్చున్నాను. మొదటి రెండ్రోజులు గిల్లుళ్లు ఇంకా పెరిగాయి. ఇలా పెరుగుతుందని పుస్తకాల్లో రాసే ఉంది, కానీ చదివేటప్పుడు చెవులు నొప్పి పుట్టవు కదా. నాలుగో రోజుకు తగ్గాయి. మూడో వారం మిమ్మల్ని మళ్లీ పిలిచాను, గీతలు మళ్లీ నిండాయి. నాలుగో వారం మిమ్మల్ని మళ్లీ పంపించేశాను.

ఈ వెనక్కీ ముందుకూ ఎందుకంటారా? ఒక్కసారి తగ్గితే ఆరోజు గుడ్డు పెట్టినందుకూ కావచ్చు, హెడ్మాస్టరు అటు నడిచినందుకూ కావచ్చు. మీరొచ్చినప్పుడల్లా పెరిగి, పోయినప్పుడల్లా తగ్గితే, అప్పుడు వేలు మీ వైపు తిరుగుతుంది. మూడో వారం తెలిసి తెలిసి గిల్లుళ్లు తిన్న పక్క పిల్లోడికి మాత్రం ఈ శాస్త్రం మీద సదభిప్రాయం లేదు. పైగా ఇలాంటి పనికి రెండో మనిషి కూడా విడిగా లెక్కపెట్టి సరిచూడాలి. నా చీటీకి నేనే సాక్షిని, నేనే న్యాయమూర్తిని.

గీతలు చూస్తుంటే ఇంకొకటి తట్టింది. మిమ్మల్ని పిలిచిన మరుక్షణం గోల ఆగేది. ఎవరికి? నాకు. ఇష్టం లేనిది తప్పుతుంది కాబట్టి పిలుపు బలపడుతుంది. వాడు బస్సుల కోసం గిల్లాడు, నేను నిశ్శబ్దం కోసం అరిచాను. పదమూడేళ్లు మీరు శిక్షణ ఇచ్చింది నాకే అన్నమాట, సార్.

1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు, పిల్లలకు గొడవ బదులు ఒక మాట నేర్పారు. పాఠం కష్టమై గొడవ చేసేవాళ్లకు నేర్పిన మాట: 'నాకు అర్థం కాలేదు'. అది వినగానే సాయం అందాలి. నేనూ మావాడికి నేర్పాను. రెండ్రోజులు సిగ్గుపడి, మూడోరోజు చెయ్యెత్తాడు: "తెలీలేదు సార్." వెళ్లి కూర్చున్నాను. వెంటనే వెనక బెంచీ నుంచి, "నాకూ తెలీలేదు సార్." తర్వాత కిటికీ దగ్గర ఇద్దరు. ఎప్పుడూ ఎవరినీ గిల్లని, నోట్సు ముత్యాల్లా రాసే మొదటి బెంచీ అమ్మాయి కూడా మెల్లగా చెయ్యెత్తింది.

ఆ క్షణంలో మీరు నా నాలుక చివరిదాకా వచ్చారు. అందర్నీ కలిపి వరండాలోకి తోలేద్దామనిపించింది, నిజం.

సోమవారం భాగహారం మొదటి నుంచి మొదలుపెడుతున్నాను. మిమ్మల్ని రావద్దని అనలేను, పాత అలవాటు. వస్తే గీత గీస్తాను. చీటీ పైన ఈసారి నా పేరు రాసిపెట్టుకున్నాను.

ఇట్లు,
మీ లెక్కల సారు