పాస్‌బుక్ మీద ఐదు లక్షల ముద్ర: ఆ వాట్సాప్ మెసేజ్‌లో నిజమెంత?

పోయిన వారం మా పిన్ని పాస్‌బుక్ పట్టుకుని వచ్చింది. చివరి పేజీలో నీలం సిరా ముద్ర. "చూడరా, వాళ్లే రాసిచ్చారు, ఐదు లక్షలకు మించి ఇవ్వరంట. రేపే ఎఫ్‌డీలు తీసేస్తా" అంది. ఈ టెన్షన్ ఎక్కడిదా అని ఫోన్ తీసుకుని చూస్తే, ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతున్న మెసేజ్. అందులో ఉన్నది ఇదీ: బ్యాంకులు గుట్టుగా కొత్త రూల్ తెచ్చాయి. బ్యాంకు మునిగితే యాభై లక్షలున్నా చేతికొచ్చేది ఐదే. ఎఫ్‌డీలకు అదీ రాదు. కాబట్టి ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో తలా ఐదు వేసుకోండి, లేదా తీసేసి లాకర్లో దాచుకోండి.

కొత్త రూలేం కాదు. డిపాజిట్లకు బీమా మన దేశంలో 1962 నుంచే ఉంది. మొదట్లో 1,500 రూపాయలకే. 1993లో లక్ష అయింది, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. అంటే ఆ ముద్ర చెప్పేది పెంచిన సంగతి! దీన్ని నడిపేది రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ. ప్రీమియం బ్యాంకే కట్టాలి, మన దగ్గర వసూలు చేయకూడదు.

ఎఫ్‌డీలకు రాదన్నది శుద్ధ అబద్ధం. సేవింగ్స్, కరెంట్, ఎఫ్‌డీ, ఆర్‌డీ అన్నీ వస్తాయి. అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా.

ఇక "యాభై ఉన్నా ఐదే" అన్నమాట. ఇందులో సగం నిజముంది కాబట్టే జనం నమ్ముతున్నారు. ఐదు లక్షలు బీమా హామీ, అంతే. పైది పోయినట్టే అని ఎక్కడా లేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద 2004 జులైలో మారటోరియం (డబ్బు తీసుకోవడం మీద తాత్కాలిక ఆంక్ష) పెట్టారు. మరుసటి నెలలోనే ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. వాటాదారులు మునిగారు గానీ డిపాజిట్ వేసినవాళ్లు కాదు. 2020 మార్చిలో యెస్ బ్యాంకులో 50 వేలకు మించి తీయనివ్వలేదు, రెండు వారాలకే ఆ ఆంక్ష పోయింది. నిజంగా దెబ్బ తగిలేది సహకార బ్యాంకుల్లో. 2019లో పీఎంసీ బ్యాంకు కూలాక, ఐదు లక్షలు దాటి ఉన్నవాళ్లకు మిగతాది పదేళ్ల దాకా విడతలుగా ఇస్తామన్నారు. అర శాతం వడ్డీ ఎక్కువని ఆశపడి అలాంటిచోట ఐదు దాటి నేనైతే వేయను. ఒకటి మాత్రం మేలు: డీఐసీజీసీ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత, బ్యాంకు మీద ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలి.

మెసేజ్‌లో అన్నిటికన్నా చేటు చేసేది బ్రాంచీల సలహా. ఒక బ్యాంకుకు ఎన్ని బ్రాంచీలున్నా బీమా లెక్కకు ఒకటే బ్యాంకు. పిన్నికి తెనాలి బ్రాంచీలో 5 లక్షలు, గుంటూరు బ్రాంచీలో 3 లక్షలు ఉన్నాయి. కలిపి 8, బీమా 5కే. ఆ 3 లక్షలు ఇంకో బ్యాంకులో వేస్తే దానికి వేరే బీమా వస్తుంది. బాబాయితో కలిపి ఉన్న జాయింట్ ఖాతానూ విడిగానే లెక్కిస్తారు.

లాకర్ సలహా చూసి నవ్వొచ్చింది. ఒప్పందం ప్రకారం లాకర్లో నోట్ల కట్టలు పెట్టనే కూడదు. చెదలు తింటే అడిగే దిక్కుండదు, డిపాజిట్ బీమాకూ దానికీ సంబంధమే లేదు.

ఇదంతా విని పిన్ని నెమ్మదించింది. పాస్‌బుక్ సంచిలో పెట్టుకుంటూ, "పోన్లే, ఊళ్లో సొసైటీలో వేసిన రెండు లక్షలకు భయంలేదుగా?" అంది.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు ఈ బీమా వర్తించదు. వాటి పాస్‌బుక్‌ల మీద ఈ బీమా ముద్ర ఉండదు.