రొమ్ము ఒడ్డే ముందు లేబుల్ చదవండి: ఆఫ్‌రోడ్ ఆర్మర్‌పై ఒక ప్రచారానికి ఖండన

ఆఫ్‌రోడ్ (తారు లేని రాళ్లు, మట్టి దారుల్లో) బండ్లు నడిపే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఆఫ్‌రోడ్‌లో వేగం తక్కువ, కింద మట్టి మెత్తన, కాబట్టి పెద్ద పెద్ద జాకెట్లు అక్కర్లేదు. జెర్సీ మీద గట్టి ప్లాస్టిక్ చెస్ట్ గార్డ్ వేసుకోండి, దాని మీద సీఈ గుర్తు (ఐరోపా నిబంధనలకు సరిపోతుందని వేసే గుర్తు) ఉంటే చాలు. మెత్తగా ఉండే ప్యాడ్లు స్పాంజి ముక్కలు, డబ్బు దండగ. మన ఎండలకు ఏది కొన్నా ఒక సైజు వదులుగా కొనండి. డబ్బుంటే ఒంటికి తొడుక్కునే ఎయిర్‌బ్యాగ్ కొనుక్కోండి, ఇక ఇవేవీ అక్కర్లేదు." ప్రతి వాక్యంలోనూ రవ్వంత నిజం ఉంది కాబట్టే దీన్ని ఇంతమంది నమ్ముతున్నారు. ఆ నిజం ఎంతవరకు చెల్లుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

వేగం తక్కువన్న మాటతో మొదలుపెడదాం. తారురోడ్డు మీద పడిన మనిషి సాధారణంగా జారుతాడు. ఆ జారడంలో బట్ట చిరిగి చర్మం గీరుకుపోతుంది గానీ, అడ్డంగా ఏదీ తగలకపోతే అతని వేగం క్రమంగా తగ్గుతుంది. రాళ్ల దారిలో ఆ జారడానికే చోటుండదు. భుజమో వీపో ఒక రాతి అంచును గానీ చెట్టు మొదలును గానీ తాకి అక్కడికక్కడే ఆగిపోతుంది, ఆగిన చోట దెబ్బంతా అరచేతి వెడల్పంత జాగాలో పడుతుంది. పైగా ఆఫ్‌రోడ్‌లో ఫుట్‌పెగ్‌ల (కాళ్లు పెట్టుకునే కడ్డీల) మీద నిలబడి నడుపుతాం. సుమారు 1.5 మీటర్ల ఎత్తు నుంచి భుజం నేలకు తగిలితే, ఆ క్షణానికి కిందికి పడే వేగమే గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది; స్పీడోమీటరు 15 చూపిస్తున్నా 50 చూపిస్తున్నా ఈ లెక్క మారదు. హ్యాండిల్‌బార్ కొన పక్కటెముకల్లో దిగడం, ఎక్కుడులో వెనక్కి జారిన బండి మనిషి మీదే పడడం లాంటివి చాలావరకు నడక వేగంలోనే జరుగుతాయి. సందేశంలోని నిజం ఏమిటంటే, ఆఫ్‌రోడ్‌లో ఒరిపిడి బెడద తక్కువ. అయితే దాని అర్థం రక్షణ తగ్గించుకోవచ్చని కాదు. ఒరిపిడికి పెట్టే ఖర్చును దెబ్బను పీల్చుకునే ప్యాడ్ల మీద పెట్టాలని.

ఆ ఒరిపిడి విషయంలోనూ ఒక మెలిక ఉంది. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండల దాకా వెళ్లే రైడర్ మట్టిదారి ఎక్కే ముందు 70 కిలోమీటర్లకు పైగా తారు మీదే నడుపుతాడు. ప్యాడ్లు కుట్టిన, చొక్కాలాంటి పలుచని మెష్ (వలబట్ట) జాకెట్లను ఐరోపా ప్రమాణం ఈఎన్ 17092 'సీ' తరగతిలో పెడుతుంది. అవి ప్యాడ్లను పట్టి ఉంచడానికే తప్ప ఒరిపిడిని తట్టుకోవడానికి చేసినవి కావు. కాబట్టి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని మీద 'ఏ' లేదా అంతకంటే పై తరగతి జాకెట్ ఉండాలి, మట్టిదారి మొదట్లో దాన్ని విప్పి బండికి కట్టుకోవచ్చు. ఇది కొంత చాకిరీయే, ఒప్పుకుంటాను.

ఇక గట్టి ప్లాస్టిక్ గార్డ్ సంగతి. ఈ సందేశం చేసే అసలు హాని ఇక్కడే ఉంది. ముందు బండి వెనక చక్రం ఎగజిమ్మే రాళ్ల నుంచి కాపాడే గుల్లకూ, కిందపడినప్పుడు దెబ్బను పీల్చుకునే ప్రొటెక్టర్‌కూ ప్రమాణాలు వేరు. మొదటిదానికి ఈఎన్ 14021 వర్తిస్తుంది. ఆ ప్రమాణం పేరులోనే అది రాళ్ల నుంచి, చెత్తాచెదారం నుంచి కాపాడే కవచమని ఉంది. పడినప్పుడు రొమ్ముకు తగిలే దెబ్బకు సంబంధించినది ఈఎన్ 1621-3, వీపుకు సంబంధించినది ఈఎన్ 1621-2. రెండు రకాల గార్డులూ దుకాణంలో పక్కపక్కనే వేలాడుతుంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండింటి మీదా సీఈ గుర్తు న్యాయంగానే ఉంటుంది. మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బండ్ల పందెం) ట్రాక్‌లో గుంపుగా నడిపేవారికి రాళ్ల కవచం అవసరమే. ఒంటరిగానో నలుగురైదుగురు ఎడంగానో కొండదారిలో వెళ్లేవారికి ముందునుంచి వచ్చే రాళ్లకంటే కింద ఉన్న రాళ్లే ముఖ్యం, వాటి విషయంలో ఆ గుల్ల ఏ హామీ ఇవ్వదు.

మెత్తని ప్యాడ్ స్పాంజితో సమానమన్న వాదన వేలితో నొక్కి చూసే అలవాటు నుంచి పుట్టింది. ఒక దుకాణంలో అమ్మే మనిషి నా ఎదుటే ప్యాడ్‌ను రెండు వేళ్ల మధ్య నలిపి "ఇదేం ఆపుతుంది సార్" అని, ప్లాస్టిక్ గార్డ్‌ను గుద్ది చూపించాడు. ఇప్పటి మంచి ప్యాడ్లలో వాడే పదార్థాలు చాలావరకు నెమ్మదిగా నొక్కితే లొంగుతాయి, వేగంగా కొడితే బిగుసుకుంటాయి. ఆ గుణం వేలికి తెలియదు. గట్టి గుల్ల చేసే పని దెబ్బను వెడల్పుగా పరచడం. ఆ శక్తిని మింగే పని కింద ఉన్న పొర చేయాలి. హెల్మెట్‌లో బయటి గుల్ల, లోపల థర్మోకోల్ పొర పంచుకునేది ఈ పనినే. లోపలి పొర లేని చెస్ట్ గార్డ్, థర్మోకోల్ తీసేసిన హెల్మెట్ లాంటిది. మంచి గార్డుల్లో గుల్లా పొరా రెండూ ఉంటాయి. కాబట్టి గట్టిదా మెత్తదా అని కాదు, ఏ పరీక్షలో నెగ్గిందని అడగాలి.

సీఈ గుర్తు ఉంటే చాలన్న మాటకు జవాబు కొంత వివరంగా చెప్పాలి. హెల్మెట్‌కు మన దేశంలో ఐఎస్ 4151 ప్రమాణం ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ తల గురించే మాట్లాడుతుంది, ఒంటి మీది ఆర్మర్ (రక్షణ ప్యాడ్లు, గార్డులు) జోలికి పోదు. అందువల్ల ఇక్కడ కొనేవాడికి ఆధారం ఐరోపా లేబులే. ఆ లేబుల్ మీద సీఈ అన్న రెండు అక్షరాలు కాక, మోటార్‌సైకిల్ బొమ్మ, ప్రమాణం సంఖ్య, శరీరంలో ఏ భాగానికో చెప్పే అక్షరం, లెవెల్ 1 లేదా 2 అన్న అంకె ఉండాలి. భుజానికి 'ఎస్', మోచేతికి 'ఈ', పూర్తి వీపుకు 'ఎఫ్‌బీ', వీపు నడిమి భాగానికి 'సీబీ', నడుముకు 'ఎల్‌బీ' అని రాస్తారు. సంఖ్య లేకుండా సీఈ అని మాత్రమే ఉంటే, ఆ ప్యాడ్ ఏ పరీక్షకు నిలబడిందో మీకు ఎవరూ చెప్పలేదన్నమాట.

లెవెల్ అంకెను కూడా గుడ్డిగా పోల్చకూడదు. భుజం, మోచేయి ప్యాడ్లను పరీక్షించే ఈఎన్ 1621-1లోనూ, వీపు ప్యాడ్లను పరీక్షించే ఈఎన్ 1621-2లోనూ దెబ్బ శక్తి 50 జౌళ్లే, అంటే 5 కిలోల బరువు దాదాపు 1 మీటరు ఎత్తు నుంచి పడినంత. ప్యాడ్ దాటి అవతలికి చేరే బలానికి మాత్రం హద్దులు వేరు. భుజం ప్యాడ్ లెవెల్ 1 కావాలంటే ఆ బలం సగటు 35 కిలోన్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం), లెవెల్ 2 కావాలంటే 20 కిలోన్యూటన్లు మించకూడదు. వీపు ప్యాడ్‌కు ఆ హద్దులు 18, 9 కిలోన్యూటన్లు. అంటే వీపుకు చేసిన లెవెల్ 1 ప్యాడ్‌కున్న హద్దు భుజానికి చేసిన లెవెల్ 2 ప్యాడ్ హద్దుకంటే కఠినమైనది. జాకెట్ ట్యాగ్ మీద "లెవెల్ 2 ఆర్మర్" అని పెద్దక్షరాలతో కనబడితే, అది భుజాలకు, మోచేతులకు మాత్రమేనా, వీపు జేబులో ఉన్నది ఏ రేటింగూ లేని మామూలు ఫోమేనా అన్నది జిప్ తెరిచి చూడాల్సిందే. చాలా జాకెట్లలో అక్కడ ఉండేది ఆ మామూలు ఫోమే. నా లెక్కలో మొదటి ఖర్చు వీపుకు, తర్వాత రొమ్ముకు. భుజం ప్యాడ్ ఎంత మంచిదైనా, చాచిన చేతి మీదో భుజం కొస మీదో పడినప్పుడు కాలర్‌బోన్ విరగకుండా ఆపుతుందని ఆశించకూడదు. ఆ బలం ఎముక పొడవునా వస్తుంది, దాన్ని ప్యాడ్ ఆపలేదు.

ఎండ విషయంలో సందేశం చెప్పింది కొట్టిపారేయదగినది కాదు. మే నెలలో నిండా కప్పుకుని బురదలో బండి ఎత్తిన మనిషికి కళ్లు తిరగడం మామూలే, కళ్లు తిరిగినవాడు మళ్లీ పడతాడు. దానికి విరుగుడు మెష్ జాకెట్, తగినన్ని నీళ్లు, తెల్లవారుజామున బయల్దేరడం. వదులు బట్ట కాదు. వదులైన జాకెట్‌లో మోచేతి ప్యాడ్ పడే ముందే పక్కకు తిరిగిపోతుంది, అప్పుడు అది లెవెల్ 2 అయినా ఒకటే, లేకున్నా ఒకటే. కొనేటప్పుడు అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకోవడం వల్ల ప్రయోజనం లేదు; మోకాళ్లు కొద్దిగా వంచి, మోచేతులు బయటికి తీసి, పెగ్‌ల మీద నిలబడ్డట్టు ముందుకు వంగి, ఎవరినైనా ప్యాడ్‌ను పట్టుకుని తిప్పి చూడమనండి. వీపు ప్యాడ్ సైజును చొక్కా సైజుతో కాక నడుము నుంచి భుజం దాకా కొలిచిన పొడవుతో చూడాలి. లేబుల్ మీద ఆ కొలత ఉంటుంది. వేడికి ప్యాడ్ గుణం మారవచ్చు కాబట్టి, 40 డిగ్రీల దగ్గర కూడా పరీక్షించిన ప్యాడ్లకు 'టీ+' అని గుర్తు వేస్తారు. అది తప్పనిసరి పరీక్ష కాదు గనుక, మన ప్రాంతంలో వెతికి మరీ తీసుకోవాల్సిన గుర్తు అదే. వీపు గురించే మరో మాట: వీపుకు తగిలించుకునే నీళ్ల సంచిలో టైరు లీవర్లు, స్పానర్లు పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. వెన్నెముకకూ నేలకూ మధ్య ఇనుము పెట్టుకుని ప్రొటెక్టర్ లెవెల్ గురించి చర్చించడం విడ్డూరం. పనిముట్లు బండికి కట్టండి.

మిగిలింది ఎయిర్‌బ్యాగ్. ఎడారి దారుల్లో జరిగే డాకర్ ర్యాలీలో 2021 నుంచి మోటార్‌సైకిల్ రైడర్లకు ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ తప్పనిసరి చేసినమాట నిజమే. అయితే గాలి నిండేవరకు అది ఒక పలుచని గుడ్డ; ఎగిరొచ్చే రాయికి గానీ, నిలబడ్డ బండి మీద నుంచి ఒరిగి పడినప్పుడు రొమ్ములో దిగే హ్యాండిల్‌బార్‌కు గానీ అది తెరుచుకుంటుందన్న భరోసా లేదు. తాడుతో బండికి కట్టే రకమైతే, దారిలో దిగి బండి తోసే ప్రతిసారీ తాడు విప్పడం గుర్తుండాలి. ఎలక్ట్రానిక్ రకమైతే, గతుకులనూ దూకుళ్లనూ ప్రమాదంగా పొరబడని ఆఫ్‌రోడ్ మోడ్ అందులో ఉందో లేదో తయారీదారు పుస్తకంలో చూసుకోవాలి. ఒకసారి తెరుచుకున్నాక దాన్ని నింపే గ్యాస్ సిలిండర్ మార్చేదాకా అది పనికిరాదు, కొండ మీద విడి సిలిండర్ మీ దగ్గర ఉండకపోవచ్చు. కాబట్టి కొనగలిగినవారు వీపు, రొమ్ము ప్రొటెక్టర్లకు తోడుగా కొనుక్కోవచ్చు. అది వాటి మీద ఉబ్బడానికి చోటుందో లేదో, తయారీదారు ఆ కలయికకు ఒప్పుకుంటాడో లేదో దుకాణంలోనే తేల్చుకోవాలి.