నల్లగుడ్డ దిష్టిబొమ్మకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సిల్ట్ ఫెన్స్ గారికి,

ప్రతి మంగళవారం బురద బూట్లతో మీ వెంట నడిచి, మీ ఫోటోలు తీసి, మీ ఆరోగ్యం మీద రిపోర్టు రాసి సంతకం పెట్టే మనిషి నమస్కరించి వ్రాయునది.

పద్ధతి ప్రకారం ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టాలి. కానీ మీ కుశలం పొద్దున్నే కళ్లారా చూసి వచ్చాను. ఉత్తరం వైపు మూడు పోస్టులు వాలి, పెళ్లి భోజనం తిన్న పెద్దమనిషిలా వెనక్కి చేరగిలబడ్డారు. తూర్పున మీ కింద నుంచి నీళ్లు దారి చేసుకుని ఎప్పుడో వెళ్లిపోయాయి. గేటు దగ్గర ఎవరో లోడర్ తోలుకుపోవడానికి మిమ్మల్ని నేలకి తొక్కి, తిరిగి లేపడం మర్చిపోయారు. ఇన్ని జరిగినా దూరం నుంచి చూస్తే నిటారుగానే కనిపిస్తారు చూడండీ, ఆ విద్య గురించే ఈ లేఖ.

మీరెవరో తెలియనివాళ్లు ఉంటారు, నాలుగు ముక్కలు చెప్పాలి. డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో దాటి ప్రాస్పర్, సెలైనా వైపు వెళ్తే, కొత్త ఫేజ్ ఎప్పుడు రిలీజ్ చేస్తారా అని మనవాళ్లు ఎదురుచూసే కాలనీలు వరసగా వస్తాయి. ఇళ్లు లేవకముందే వాటి చుట్టూ మీరు లేస్తారు. రెండడుగుల ఎత్తు పాలీప్రొపిలిన్ గుడ్డ, ఆరడుగులకొక ఇనుప పోస్టు, వెనక తీగల జాలీ. తవ్విన మట్టి వానకి కొట్టుకుపోయి వాగులో కలవకుండా ఆపడం మీ ఉద్యోగం. ఇక్కడి వాగులు లూయిస్‌విల్ లేక్‌లోకో లవాన్ లేక్‌లోకో పోతాయి. మేం తాగేది ఆ నీళ్లే.

మా అమ్మానాన్నలు గుంటూరు జిల్లా నుంచి వచ్చినప్పుడు సాయంత్రం వాకింగ్‌లో మిమ్మల్ని మొదటిసారి చూశారు. అమ్మ కాసేపు చూసి, “ఇంత పొడుగు లంగాగుడ్డ ఎవరు ఆరేశార్రా?” అంది. నాన్న వ్యవసాయం చేసిన మనిషి. ఆయన వంగి మీ అడుగు భాగం చూశారు.

“ఒరేయ్, నీళ్లు గుడ్డలోంచి పోవట్లేదు, గుడ్డ కిందనుంచి పోతున్నాయి. గట్టు వేసేటప్పుడు మట్టి తొక్కరా ఇక్కడ?”

“మెషీన్‌తో తొక్కుతారు నాన్నా.”

“ఎక్కడ?”

“కాగితం మీద.”

అప్పుడే నాకు మీ అసలు బంధువు ఎవరో తట్టింది. మన ఊళ్లలో ఇల్లు కడుతుంటే పైన ఒక దిష్టిబొమ్మ కడతారు. పాత చొక్కా, గడ్డి పొట్ట, కుండ తల, మీసాలు. అది గోడలు బీటలివ్వకుండా ఆపదు, సిమెంటులో ఇసుక ఎక్కువైతే అడగదు. దాని పనల్లా చూసేవాళ్ల కన్నుని తన మీదికి తిప్పుకోవడం. మీరూ అంతే. తేడా ఏమిటంటే, అక్కడ భయపడేది ఇరుగుపొరుగు కంటికి, ఇక్కడ సిటీ ఇన్‌స్పెక్టర్ కంటికి. ఆయన కారు ఆపి అద్దం దించుతాడు. నల్లగీత సైటు చుట్టూ తెగకుండా కనిపిస్తే అద్దం ఎక్కించుకుని వెళ్లిపోతాడు. తెగితే రెడ్ ట్యాగ్, పని బంద్, సూపరింటెండెంట్‌కి బీపీ.

భయానికి కారణం లేకపోలేదు. వాగులూ చెరువులూ పాడు కాకుండా చూసే ఇక్కడి చట్టం, క్లీన్ వాటర్ యాక్ట్, 1972 నాటిది. కట్టడాల నుంచి పోయే వాననీటికి 1990లో రూల్స్ వచ్చాయి, మొదట ఐదెకరాలు, ఆపైన ఉన్న సైట్లకి. 2003 నుంచి ఒక్క ఎకరం తవ్వినా పర్మిట్ తీసుకోవాల్సిందే. ఉల్లంఘనకి జరిమానా ఇప్పుడు రోజుకి 60 వేల డాలర్లు దాటి ఉండవచ్చు. 2008లో నాలుగు పెద్ద ఇళ్ల కంపెనీలు కలిసి 43 లక్షల డాలర్లు కట్టాయి. ఆ చట్టంలో కాలుష్యం అంటే ఏమిటో ఒక జాబితా ఉంది. రసాయనాలు, మురుగు, చెత్తతో పాటు రాయీ ఇసుకా కూడా అందులో ఉన్నాయి. మా ఊళ్లో ఎండాకాలం చెరువు మట్టి కావాలంటే ట్రాక్టరుకి డబ్బిచ్చి పొలానికి తోలించుకునేవాళ్లం. ఇక్కడ అదే మట్టి రోడ్డు మీదికి వచ్చిందంటే మా ఆఫీసులో టెన్షన్.

ఇక మీ పేరు సంగతి. సిల్ట్ అంటే ఒండ్రు. ఇంజనీర్ల లెక్కలో ఒండ్రు రేణువు పెద్దదైనా 75 మైక్రాన్లు దాటదు. మీ గుడ్డ కన్నాలు 0.6 మిల్లీమీటర్ల దాకా, అంటే 600 మైక్రాన్ల దాకా ఉండవచ్చని ప్రమాణాల్లోనే రాసి ఉంది. అన్నిటికంటే లావు ఒండ్రు రేణువులు ఎనిమిది పక్కపక్కన చేతులు పట్టుకుని మీలోంచి నడిచి వెళ్లవచ్చు. బంకమట్టి రేణువైతే 2 మైక్రాన్ల లోపే, మూడొందల మంది ఊరేగింపుగా పోవచ్చు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మిమ్మల్ని అనను, పెట్టినవాళ్లు పెట్టిన పేరు. కానీ జల్లెడలా పట్టేస్తారని నమ్మే సైటు మేనేజర్లు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు.

న్యాయంగా చెప్పాలి కదా, మీకు ఒక పని నిజంగానే వచ్చు. నీటిని నిలబెట్టడం. మీ వెనక నీరు మడుగు కడితే వేగం చచ్చి, ఇసుకా లావు ఒండ్రూ కిందికి దిగుతాయి. అంటే మీరు చిన్న ఆనకట్ట, అంతే. ఆనకట్ట అన్నాక పునాది కావాలి. ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు గాడి తీసి, గుడ్డ అంచు అందులో పరిచి, మట్టి కప్పి, దిమ్మిస కొట్టాలి. గుడ్డ ఎగువ వైపు, పోస్టులు దిగువ వైపు. కాంటూరు వెంట, అంటే నేల ఒకే ఎత్తులో ఉన్న గీత వెంట పోవాలి, కొసలు ఎగువకి వంచాలి, లేకపోతే నీళ్లు పక్కనుంచి చుట్టి వెళ్లిపోతాయి. వంద అడుగుల గుడ్డ మీదికి పావు ఎకరం నేల నుంచి పారే నీళ్లకి మించి రాకూడదు. పావు ఎకరం అంటే తక్కువనుకుంటారేమో, అంగుళం వాన పడి అంతా పారితే 25 వేల లీటర్లు. హైదరాబాద్‌లో ఎండాకాలం అపార్ట్‌మెంట్ ముందు ఆగే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు వరసగా వచ్చి మీ వీపు మీద కుమ్మరించినట్టు.

ఇదంతా డ్రాయింగుల్లో చక్కగా ఉంటుంది. సైటులో జరిగేది వేరు. మిమ్మల్ని వేసే సబ్‌కాంట్రాక్టరుకి అడుగుల లెక్కన డబ్బు. నేల మీద కనిపించే అడుగుకి బిల్లు ఉంది, నేల లోపలి ఆరంగుళాలకి వేరే బిల్లు లేదు. గాడి తీసే మెషీన్, ట్రెంచర్, వెళ్లిన గాడిలో గుడ్డ కుక్కి, మట్టి వదులుగా లాగి, బూటు మడమతో రెండు తాపులు తన్నితే అయిపోయింది. వచ్చీరాని స్పానిష్‌లో నేను “మాస్ ప్రొఫుండో” అంటూ వెంటపడతాను, ఇంకా లోతుగా అని. కుర్రాళ్లు నవ్వుతారు. వాళ్ల తప్పేమీ లేదు, సాయంత్రంలోపు రెండు వేల అడుగులు పూర్తి చేయమని వాళ్లకి చెప్పారు. అయోవాలో ఒక కాంట్రాక్టరు, గొర్రు దున్నినట్టు ట్రాక్టరు బ్లేడుతో నేలని చీల్చి గుడ్డని లోపలికి దించే యంత్రం కూడా తయారుచేశాడు. తవ్వడం లేదు, పూడ్చడం లేదు, రెండు వైపులా చక్రాలు పోనిస్తే మట్టి బిగుసుకుంటుంది. మా సైటులో దాన్ని నేను బ్రోషర్లోనే చూశాను.

ఆ పైన మా నేల. ఇక్కడి బ్లాక్‌లాండ్ ప్రయిరీ మట్టి పేరు హ్యూస్టన్ బ్లాక్, టెక్సాస్ రాష్ట్ర మట్టి అని చెప్పుకునేది దాన్నే. గుంటూరు నల్లరేగడికి స్వయానా దాయాది. అదే తడికి ఉబ్బడం, ఎండకి కాలు దిగేంత నెర్రెలివ్వడం, ఒకప్పుడు ఇక్కడా అదే పత్తి. మొదటిసారి ఆ మట్టి చెప్పులకి అంటుకుని కేజీ బరువైనప్పుడు ఊరికి ఫోన్ చేయాలనిపించింది. ఈ మట్టి నీళ్లలో కలిసిందంటే దిగదు. 2 మైక్రాన్ల రేణువు కదలని నీటిలో ఒక మీటరు దిగాలంటే మూడు రోజులు దాటుతుంది. మీ వెనక మడుగు మహా అయితే కొన్ని గంటలు. ఆలోపు మీలోంచో, మీ కిందనుంచో కాఫీ రంగు నీళ్లు వాగులోకి దర్జాగా దిగిపోతాయి.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. ఒక సైటులో మిమ్మల్ని వాలుకి అడ్డంగా వేయకుండా, వాలు వెంటే వాగు దాకా గీత గీసినట్టు వేశారు, ప్లాటు హద్దు అలా ఉందని. హద్దు వెంట వేస్తే చూడ్డానికి నీటుగా ఉంటుందని సూపరింటెండెంట్ ముచ్చట. వాన వచ్చింది. నీళ్లు మిమ్మల్ని పట్టుకుని, మీరు చూపించిన దారినే నాలుగు వందల అడుగులు పరుగెత్తి, కింది మూలలో చేరి, మిమ్మల్ని పోస్టులతో సహా పెకిలించి వాగులో పడేశాయి. ఆ గట్టున మీరు లేకపోయి ఉంటే మట్టి అక్కడక్కడా కొంచెం కొంచెం పోయేది. మీ పుణ్యాన అంతా ఒకే కాలవ అయింది. నేను రిపోర్టులో ‘మెయింటెనెన్స్ అవసరం’ గడిలో టిక్కు పెట్టాను. మర్నాడు అదే చోట, అదే గీత మీద, కొత్త గుడ్డ వేశారు. నేను ఫోటో తీసి ‘సరిచేయబడింది’ అని రాసి సంతకం పెట్టాను. లైన్ అక్కడ ఉండకూడదు అని రాయడానికి ఫారంలో గడి లేదు. మార్జిన్‌లో రాయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అడగండి.

మీ మీద పెట్టిన శ్రద్ధలో కాస్త నీళ్ల మీద పెట్టాలని ప్రభుత్వానికి ఒకసారి అనిపించింది. 2009లో ఈపీఏ, అంటే ఇక్కడి పర్యావరణ శాఖ, ఒక రూల్ తెచ్చింది. పెద్ద సైట్ల నుంచి బయటికి పోయే నీటి మురికిని కొలవాలి, రోజు సగటు 280 ఎన్‌టీయూ దాటకూడదు. ఎన్‌టీయూ అంటే నీటి మకిలికి కొలత. మన దగ్గర ప్రమాణాలు పెట్టే బీఐఎస్ తాగునీటికి చెప్పే హద్దు 1, గత్యంతరం లేకపోతే 5. ఈ లెక్కన 280 అంటే దయతలచి ఇచ్చిన హద్దే. అయినా బిల్డర్లు కోర్టుకెళ్లారు, లెక్కల్లో తప్పులు దొర్లాయని ఈపీఏ కూడా ఒప్పుకుంది, ఆ అంకె ముందు ఆగిపోయి 2014లో రద్దయింది. మళ్లీ అందరం హాయిగా నీళ్ల వైపు వీపు తిప్పి మీ వైపు తిరిగాం. నీటి మురికిని కొలిస్తే అంకె వస్తుంది, అంకెతో వాదించలేం. మిమ్మల్ని చూస్తే ‘ఉంది’ అని రాయొచ్చు.

మీకు పోటీదారు ఒకరున్నారు, గడ్డి. తవ్విన నేల మీద వెంటనే విత్తనం చల్లి గడ్డి పరిచేస్తే మట్టి అసలు బయలుదేరనే బయలుదేరదు. కానీ గడ్డికి టైం కావాలి, నీళ్లు కావాలి, ముఖ్యంగా కారులోంచి చూస్తే అది కంట్రోల్‌లా కనిపించదు, గడ్డిలా కనిపిస్తుంది.

పని అయిపోయాక మీ కథ ఇంకో రకం. ఆ చోట సహజంగా ఉండాల్సిన పచ్చదనంలో 70 శాతం వచ్చాక మిమ్మల్ని పీకేయాలని పర్మిట్ చెప్తుంది. ఎన్నికలయ్యాక ఫ్లెక్సీలు పీకేంత ఉత్సాహంగానే పీకుతారు. సైటు గృహప్రవేశాలు చేసుకుని, ఆవు లేక ఫోటోలో ఆవుని పెట్టి పాలు పొంగించుకుని, పిల్లలు స్కూల్లో చేరినా, వెనక వాగు దగ్గర ముళ్లపొదలో మీ ముక్కలు ఎండకి చివికి పీలికలై ఊగుతుంటాయి. మీ నుంచి వాగుని కాపాడటానికి ఇంకో ఫెన్స్ వేయాలని ఇంకా ఎవరికీ తట్టలేదు. తట్టించకండి.

శుక్రవారం రెండంగుళాల వాన అంటున్నారు. మీ ఉత్తరం వైపు పోస్టులు గురువారం లేపుతామని మాటిచ్చారు. ఎగువన మట్టి మీ ఎత్తులో సగానికి వచ్చేసింది, అదీ తీయాలి, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఈసారి మార్జిన్‌లో రాశాను.

ఇట్లు,
మీ మీద వారం వారం సంతకం పెట్టే
మంగళవారం మనిషి

తా.క.: జనవరిలో ఫ్రీజ్ వస్తుందన్నప్పుడు, సైటులో పారేయబోయిన మీ ముక్క మూడు గజాలు ఇంటికి తెచ్చాను. పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ అమ్మ కట్టింది. ఎవరూ చెప్పకుండానే గునపంతో చుట్టూ జానెడు గాడి తీసి, గుడ్డ అంచు అందులో పెట్టి, మట్టి కప్పి, చలిలో శాలువా కప్పుకుని చుట్టూ తిరుగుతూ కాళ్లతో తొక్కింది. ఏప్రిల్లో వాళ్లు వెళ్లిపోయాక దాన్ని పీకబోతే రాలేదు. పార తేవాల్సి వచ్చింది.