పేరు ముందు చుక్క పెడితే తాళం వేసినట్టేనా?

అదే ఫార్వర్డ్ ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. "హోమ్ అసిస్టెంట్‌ని డాకర్‌లో నడిపేవాళ్లు తప్పక చదవండి" అని మొదలై, ఆ పైన అంతా ఎన్వ్ ఫైలు (.env, సెట్టింగులు, పాస్‌వర్డులు రాసుకునే ఫైలు) మహిమే. హోమ్ అసిస్టెంట్ అంటే ఇంట్లో లైట్లు, సెన్సర్లు నడిపే సాఫ్ట్‌వేర్; డాకర్ అంటే ఒక్కో ప్రోగ్రామ్‌ని కంటెయినర్ అనే విడి డబ్బాలో నడిపే పద్ధతి. పంపేది స్నేహితులు కాబట్టి మూడుసార్లు ఊరుకున్నాను.

టైమ్‌జోన్‌కి ఐఎస్‌టీ అని రాయమంది. ఐఎస్‌టీ ఇజ్రాయెల్‌కీ ఉంది, ఐర్లాండ్‌కీ ఉంది. ఆసియా/కోల్‌కతా అని రాసుకోండి, అయిపోయింది.

"ఎన్వ్ ఫైల్లో రాస్తే చాలు, కంటెయినర్‌కి చేరిపోతుంది" అట. చేరదు. కంటెయినర్లని లేపే డాకర్ కంపోజ్ ఆ ఫైలు చదివేది తన యామల్‌లోని (ఏ కంటెయినర్ ఎలా నడవాలో రాసే ఫైల్లోని) ఖాళీలు నింపుకోవడానికి. లోపలికి పంపమని యామల్‌లో మనమే చెప్పాలి. ఇక "మార్చాక డాకర్ రీస్టార్ట్ కొట్టండి" అన్న సలహా. రీస్టార్ట్ పాత విలువలతోనే లేపుతుంది. కంపోజ్ అప్ కొడితేనే కంటెయినర్ కొత్తగా తయారవుతుంది.

ఇవన్నీ నమ్మితే పోయేది ఒక సాయంత్రమే. ఇల్లు ముంచేది ఇది: "పాస్‌వర్డులన్నీ ఎన్వ్ ఫైల్లో దాచండి, ఎవరికీ కనిపించవు. అదే ఫైలు అన్ని కంటెయినర్లకీ ఇవ్వండి."

ఎవరికి కనిపించవు స్వామీ? పేరు ముందు చుక్క ఉంటే ఫైళ్ల జాబితా చూపే మామూలు ఎల్ఎస్ కమాండ్‌లో కనబడదు, అంతే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది. కంటెయినర్ వివరాలు చూపే డాకర్ ఇన్‌స్పెక్ట్ కొడితే, దానికిచ్చిన పాస్‌వర్డు అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. పైగా ఒకే ఫైలు అందరికీ ఇస్తే, జిగ్బీ పరికరాలని కలిపే జిగ్బీ2ఎంక్యూటీటీకి మాత్రమే కావాల్సిన పాస్‌వర్డు, ఆటోమేషన్లు రాసుకునే నోడ్-రెడ్‌కీ తెలుస్తుంది, నిన్న సరదాకి దింపిన ఊరూపేరూ లేని ఇమేజ్‌కీ (కంటెయినర్ తయారయ్యే ప్యాకేజీకీ) తెలుస్తుంది. వీధి తలుపు తాళం, బీరువా తాళం ఒకే గుత్తికి కట్టి పాలబ్బాయికి కూడా ఒక గుత్తి ఇస్తారా? ఏ కంటెయినర్‌కి కావాల్సింది దానికే ఇవ్వండి. ఫైలుకి 600 పర్మిషన్ (యజమాని ఒక్కరే చదవగలిగేలా, రాయగలిగేలా) పెట్టండి.

గిట్‌ఇగ్నోర్ ఊసే లేదు ఆ మెసేజ్‌లో. గిట్ అంటే ఫైళ్ల మార్పులన్నీ కమిట్‌లుగా దాచే సాధనం, దాన్లోకి ఏవి పోకూడదో చెప్పేది గిట్‌ఇగ్నోర్. నేను ఒకసారి ఎన్వ్ ఫైలుని గిట్‌లోకి తోసేసి, మర్నాడు డిలీట్ చేసి హాయిగా పడుకున్నాను. పాత కమిట్‌లో అది భద్రంగా కూర్చునే ఉంది. చివరికి పాస్‌వర్డులన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

అయితే అయిదో పాయింటు మాత్రం కరెక్టే, ఒప్పుకోక తప్పదు. ఇమేజ్‌కి లేటెస్ట్ అని కాకుండా వెర్షన్ నంబరు ఎన్వ్ ఫైల్లో రాసుకోమంది. హోమ్ అసిస్టెంట్ కొత్త వెర్షన్ నెలనెలా వస్తుంది, ఒక్కోసారి పాత సెట్టింగులు పనిచేయవు. ఇన్నేళ్లుగా నేను లేటెస్ట్ మీదే నడిపాను. మొన్న ఆదివారం మార్చుకున్నాను, ఆ ఫార్వర్డ్ చూసే.