నోటీసు అందిన 15 రోజులు

అల్లూరు, ఇందుకూరుపేట ప్రాంతాల్లో రొయ్యల గుంటలు సాగుచేసే రైతుకు మేత అరువిచ్చే వ్యాపారి పుస్తకంలో పద్దు రాసుకోవడంతో సరిపెట్టుకోడు. సంతకం మాత్రమే చేసిన ఖాళీ చెక్కులు రెండో మూడో అడిగి తీసుకుని బీరువాలో దాచుకుంటాడు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే కొట్టు అయిన బ్యారన్‌కు పెట్టుబడి పెట్టేవారిలోనూ, నెల్లూరులో చీటీ పాడుకున్నవారిని హామీ అడిగేవారిలోనూ ఈ అలవాటు ఉన్నదే. పంట చేతికొచ్చినన్నాళ్లు ఆ చెక్కుల ఊసుండదు. రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ సోకి గుంట పోయిన ఏడాది అవి బయటికొస్తాయి. సంతకం ఎప్పటిదో, వెలిసిన నీలి సిరాలో ఉంటుంది. పేరు, తేదీ, మొత్తం మరొకరి దస్తూరీతో, నిన్నమొన్నటి నల్ల సిరాలో కనిపిస్తాయి. ఖాతాలో డబ్బు లేదని బ్యాంకు ఆ చెక్కును తిప్పి పంపుతుంది. నేరం అప్పుడే జరిగిపోయిందని రైతు కుంగిపోతాడు. చట్టం మాత్రం ఆ మాట అప్పుడే అనడం లేదు.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టానికి 1988లో చేసిన సవరణతో వచ్చిన 138వ సెక్షన్, చెక్కు తిరిగిరావడానికీ నేరానికీ మధ్య కొంత వ్యవధి పెట్టింది. చెక్కు తిరిగివచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా డబ్బు రావలసిన వ్యక్తి లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లోగా చెక్కు మొత్తం చెల్లిస్తే కేసే లేదు. చెల్లించకపోతేనే నేరం పూర్తయి, ఆ తర్వాత ఒక నెలలోగా మెజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేసే హక్కు అవతలివారికి వస్తుంది. రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది బెయిలు దొరికే నేరం. ఫిర్యాదు నేరుగా కోర్టుకు వెళ్లేదే తప్ప పోలీసులు తమంత తాము కట్టే కేసు కాదు. చెక్కు పేరు చెప్పి స్టేషన్‌కు పిలిపించి పంచాయతీ చేయడానికి ఈ సెక్షన్ కింద ఎవరికీ అధికారం లేదు.

మన జిల్లాల్లో ఎక్కువమంది నష్టపోయేది సరిగ్గా ఈ 15 రోజుల్లోనే అని మా అభిప్రాయం. పోస్టుమాన్ తెచ్చిన కవరును ఇంట్లో ఎవరో సంతకం పెట్టి తీసుకుంటారు; అది మేత కంపెనీ క్యాలెండరు వెనక గోడకు చేరుతుంది. కవరు తీసుకోకపోతే కేసు ఉండదని మరికొందరి ధీమా. సరైన చిరునామాకు పంపిన నోటీసును తిరస్కరించినా అందినట్టే భావిస్తారు. చెల్లింపు ఆపేయమని బ్యాంకుకు రాసినా, ఖాతా మూసేసినా గట్టెక్కుతామనుకోవడమూ అటువంటిదే. ఆ రెండు సందర్భాలకూ 138 వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1990ల చివర్లోనే స్పష్టం చేసింది.

ఇక కేసును ఎదుర్కొనే సంగతి. సంతకం తనదేనని ఒప్పుకున్నాక, చెక్కు బాకీ కిందే ఇచ్చినట్టు కోర్టు ముందుగా అనుకుంటుంది. 139వ సెక్షన్ చెప్పేది అదే. మిగతా గడులు మరొకరు నింపినా ఈ ఊహ పోదని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘నేను ఖాళీ చెక్కే ఇచ్చాను’ అన్న ఒక్క మాటతో కేసు వీగిపోదు. అయితే ఈ ఊహను తిప్పికొట్టడానికి నిందితుడు సందేహాతీతంగా ఏమీ రుజువు చేయనక్కరలేదు. తాను చెప్పేదే ఎక్కువ నమ్మదగినదిగా ఉందని చూపిస్తే చాలునని 2010లో రంగప్ప కేసు తీర్పు తేల్చింది. అంత మొత్తం అప్పివ్వగల స్తోమత ఫిర్యాదుదారుకు ఉందా అని ప్రశ్నించవచ్చు. కొంత బాకీ అప్పటికే తీర్చి ఉంటే, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేసిన చెక్కు బౌన్స్ అయినా అది నేరం కాదని 2022లో వచ్చిన తీర్పు మేత డీలర్ల చెక్కుల విషయంలో ఎంతో ముఖ్యమైనది. దానికి కావలసింది ఆధారాలు: మేత బిల్లులు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు, రొయ్యలు పట్టినప్పుడు డీలరు మినహాయించుకున్న లెక్క. వీటన్నిటినీ ప్రస్తావిస్తూ గడువులోపల ఇచ్చిన జవాబు నోటీసు, రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో వకీలు చేతికి దొరికే మొదటి ఆయుధం. జవాబివ్వనివాడు బోనెక్కాక అదే కథ చెబితే, అప్పుడే ఎందుకు చెప్పలేదని జడ్జి అడగడం సహజం.

2015 సవరణ తర్వాత, డబ్బు రావలసిన వ్యక్తి ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే ఆ ఊరి కోర్టులోనే కేసు నడుస్తుంది. చెన్నైలోనో హైదరాబాదులోనో ఖాతా ఉన్న ఫైనాన్సు సంస్థకు చెక్కిచ్చిన కనిగిరి రైతు వాయిదా వాయిదాకూ అక్కడికి పోవాలి, పోకపోతే వారెంటు. వ్యక్తిగత హాజరు నుంచి మినహాయింపు కోరే వీలుందని అతనికి చెప్పేవారు తక్కువ. 2018 సవరణతో విచారణ దశలోనే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమనే అధికారమూ కోర్టుకు వచ్చింది. రాజీ ఏ దశలోనైనా కుదుర్చుకోవచ్చు, కానీ ఆలస్యమైన కొద్దీ అదనపు భారం పడేలా సుప్రీంకోర్టు నిబంధనలు పెట్టింది. దేశంలో 2019 చివరికి పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు ఈ చెక్కు కేసులేనంటే, ఆ భారం కోర్టుల మీదా ఏ పాటిదో తెలుస్తుంది.

క్రెడిట్ కార్డుల విషయంలో గందరగోళం మరో తీరుది. కార్డు బిల్లు కట్టలేకపోవడం అప్పు మాత్రమే. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉంటే తప్ప అది నేరం కాదు, రికవరీ ఏజెంటు ఫోనులో ఎంత గద్దించినా సరే. కాకపోతే ఖాతానుంచి వాయిదా దానంతటదే కోసుకునే ఏర్పాటు డబ్బు లేక విఫలమైతే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద చెక్కు కేసులాంటిదే ఎదురవుతుంది. ఇతరుల కార్డు వివరాలో, పాస్‌వర్డో మోసపూరితంగా వాడితే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం రుజువైతే ఏడేళ్ల వరకు. ఇక్కడ చెక్కు కేసులోలాగా నిందితుడి మీద ముందస్తు ఊహ ఏదీ లేదు. తెలిసే చేశాడని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. కమీషనుకు ఆశపడి తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు ఎవరికో అప్పగించిన కాలేజీ కుర్రాడు నిలదొక్కుకోగలిగేదీ, కూలిపోయేదీ ‘తెలిసే’ అన్న ఆ ఒక్క మాట దగ్గరే. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. పోలీసులు నోటీసిచ్చి పిలవవచ్చు. ఆ నోటీసును మాత్రం క్యాలెండరు వెనక పెట్టకూడదు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. నెల్లూరు, ఒంగోలు న్యాయసేవాధికార సంస్థలు లోక్ అదాలత్ తేదీలప్పుడే కాక, పొగాకు వేలం సాగే రోజుల్లో వేలం కేంద్రాల దగ్గర, గుంటల్లో రొయ్యపిల్ల వదిలే ముందు తీర గ్రామాల్లో శిబిరాలు పెట్టాలని కోరుతున్నాం. అరువిచ్చేవారు ఖాళీ చెక్కులకు బదులు మొత్తం, తేదీ రాసిన చెక్కులే తీసుకుని, వాటి నంబర్లతో రశీదు ఇచ్చేలా, బాకీ తీరిన రోజునే వాటిని తిరిగి ఇచ్చేలా మేత డీలర్ల సంఘాలతో జిల్లా యంత్రాంగం మాట్లాడాలి. ఈ సీజను అరువులు మొదలయ్యేలోగానే ఆ పని జరగాలి.